నాలుగు నుంచి ఆరు దాకా

మోబీల్, అలబామా
అక్టోబర్ 14, 1993

నాడీన్,

నీ ఉత్తరం శనివారం అందింది. నీ మోకాలి సంగతి చదివి బాధపడ్డాను. బొమ్మ గీసి పంపకపోయినా అర్థమయ్యేది.

ఫోన్ చెయ్యమని మళ్ళీ అడిగావు. నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి బయల్దేరడానికి సామాను సర్దుకుంటోంది. పోయినసారి నువ్వు ఫోన్‌లో "వాల్టర్ ఊరు పోయాడు" అంటే నాకు మధ్య మాట వినపడలేదు. ఆ ఆదివారం చర్చిలో మీ ఆయన ఆత్మశాంతికి అందరం లేచి నిలబడ్డాం. మరుసటి ఆదివారం నేనొక్కదాన్నే లేచి, ఆయన బతికే ఉన్నాడని చెప్పాల్సి వచ్చింది. ఇకనుంచి ఉత్తరాలే.

ఇక్కడి విశేషం ఒకటే. నేను బయట తినడం మొదలుపెట్టాను. డ్యూయీ పోయి మూడేళ్ళయినా నా చెయ్యి ఇంకా ఇద్దరికి సరిపడానే వండుతోంది. మిగిలింది పక్కింటి కుక్కకు పెడుతున్నాను. పోయిన నెల ఆ కుక్కకు డాక్టరు పథ్యం రాశాడు. పక్కింటావిడ ఆ చీటీ తెచ్చి నాకు చూపించి వెళ్ళింది.

నిన్న డౌన్‌టౌన్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తుంటే వాన పట్టుకుంది. ఎదురుగా కనిపించిన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. చేపలూ రొయ్యలూ పెట్టే చిన్న రెస్టారెంట్. రైలు పెట్టెలా సన్నగా ఉంది. నాలుగు బల్లలు, కౌంటర్ ముందు పదకొండు స్టూళ్ళు. యజమాని పేరు ఐరీన్, రెస్టారెంట్ పేరూ అదే. తలుపు పక్కన పలక మీద 'హ్యాపీ అవర్, నాలుగు నుంచి ఆరు దాకా, ఆల్చిప్పలు సగం ధర' అని సుద్దతో రాసి ఉంది. నాలుగు నుంచి ఆరంటే రెండు గంటలు కదా అని ఐరీన్‌ని అడిగాను.

"సంతోషం గంటసేపే ఉంటుందమ్మా. రెండో గంట ఊరికే కూర్చుంటారు" అంది.

సగం నోరు మొద్దుబారి ఉంది. మిగిలిన సగంతో డజను తిన్నాను. వాటిని తెరిచే మనిషిని అందరూ డాక్ అంటారు, డాక్టరు అన్నట్టు. రబ్బరు తొడుగు వేసుకుని, చిన్న కత్తి పట్టుకుని, ఆపరేషన్ చేస్తున్నట్టు ఉంటాడు. చిప్ప కీలులో కత్తిమొన ఆనించి, మణికట్టును చాలా కొద్దిగా తిప్పుతాడు. తాళం తీసినంత చప్పుడు కూడా రాదు. లోపలి ఉప్పునీరు చుక్క ఒలకదు. చిప్ప పెచ్చు నోట్లోకి రాదు. డజను తెరవడానికి అతనికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తొందరపడుతున్నట్టూ లేదు. అతని మణికట్టు చూస్తూ కూర్చుంటే పంటినొప్పి తెలియలేదు.

వచ్చే బుధవారం వాన లేకపోతే మళ్ళీ వెళ్తానేమో.

వెర్నా


ఒమాహా, నెబ్రాస్కా
నవంబర్ 3, 1993

అక్కా,

వాన లేకపోతే వెళ్తావా? వాన వచ్చిందని కదా మొదట వెళ్ళింది!

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆల్చిప్పల రుచి గురించి ఒక్క ముక్క లేదు. డాక్ అనే మనిషి మణికట్టు గురించి అరపేజీ ఉంది. డ్యూయీతో ముప్పై ఏడేళ్ళు కాపురం చేశావు. అతనికి మణికట్టు ఉన్నట్టు నువ్వు నాకు ఎన్నడూ రాయలేదు.

వాల్టర్‌కి చదివి వినిపించాను. మొక్కజొన్న బస్తాలు తనిఖీ చేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఉన్న మనిషి కదా, ఏదైనా గుప్పెడు తీసి చూస్తేగానీ మాట్లాడడు. "అతని వయసెంత?" అన్నాడు. "పెళ్ళయిందా?" అన్నాడు. "అసలు పేరేమిటి?" అన్నాడు. తర్వాత నిద్రపోయాడు. జవాబులు రాయి.

ఇక్కడ మంచు మొదలైంది. నేను పనిచేసే స్కూలు బస్సుల ఆఫీసులో హీటరు పాడైంది. కోటు వేసుకుని, చేతికి తొడుగులతో రాస్తున్నాను. ఈ ఊళ్ళో సముద్రపు తిండి అంటే రొట్టెపొడిలో వేయించిన చేపముక్కలే. అట్టపెట్టెకీ వాటికీ తేడా తెలియాలంటే వాల్టర్‌ని పిలవాలి.

నాడీన్


మోబీల్
నవంబర్ 26, 1993

నాడీన్,

వాల్టర్‌కి చెప్పు. అరవై దాటింది. పెళ్ళి ఒకప్పుడు అయింది, ఇప్పుడు లేదు. పేరు అందరూ డాక్ అనే అంటారు. నేనూ అంతే అంటాను.

రుచి గురించి అడిగావు కాబట్టి రాస్తున్నాను. చలి ముదిరేకొద్దీ ఆల్చిప్ప బలుస్తుంది. మొదట ఉప్పగా ఉంటుంది, నమిలితే తియ్యగా అవుతుంది, మింగాక చల్లటి నాణెం నాలిక మీద పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎర్ర సాస్ ముట్టుకోను. నిమ్మచెక్క పిండుకుంటాను. పోయిన బుధవారం పీతమాంసం ఉల్లిపాయతో కలిపి వెనిగర్‌లో ఊరబెట్టింది కూడా తిన్నాను. ఇప్పుడు సరిపోయిందా?

నా పక్క స్టూలు మీద పెట్‌వే గారు కూర్చుంటారు. పెద్ద ఓడల్ని లాగే టగ్‌బోట్లు నడిపి రిటైరైన మనిషి. నోరు ఊరుకోదు. మొదటిరోజే "మిస్ వెర్నా, మీ వినపడని చెవి నా వైపుకి పెట్టుకోండి. మీకూ హాయి, నాకూ హాయి" అన్నారు. అలాగే కూర్చుంటున్నాం. ఆయన రెండు గంటలూ మాట్లాడతారు. ఐరీన్ నన్ను చూసి, అంత ఓపికగా వినేవాళ్ళని తను చూడలేదంది.

డాక్ ఎక్కువ మాట్లాడడు. పోయిన వారం ఒకటి అడిగాడు.

"ఎప్పుడూ బుధవారమే వస్తారేంటండీ?"

"సగం ధర కదా."

"సోమవారం మూసేస్తాం. మిగతా అన్ని రోజులూ సగం ధరేనండీ."

"బుధవారం నాకు వీలు" అన్నాను.

"మిగతా రోజులు ఏం చేస్తుంటారు?"

ఆలోచించాను. చెప్పుకోదగ్గది ఏదీ తోచలేదు. గురువారం కూడా వెళ్ళాను. తర్వాత శుక్రవారం కూడా.

మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టు.

వెర్నా


ఒమాహా
డిసెంబర్ 12, 1993

అక్కా,

గురువారం కూడా! శుక్రవారం కూడా!

ఇక నేను చెప్పేది విను. ఆ మనిషిని క్రిస్మస్ భోజనానికి పిలువు. సలహా అనుకోకు. చిన్నప్పటి నుంచి నువ్వు నాకు ఇచ్చిన ఆర్డర్లన్నీ పాటించాను, నేను ఇస్తున్నది ఇదొక్కటే. అరవై ఆరేళ్ళ మనిషివి, నీ ఇల్లు నీది, చెవి ఒక్కటే తక్కువ. ఎవరికి భయం?

మగవాళ్ళతో నాకున్న అనుభవం నీకు తెలియనిది కాదు. మొదటివాడు నా ముప్పై మూడో పుట్టినరోజున, ఇంటినిండా చుట్టాలుండగా, ఐసు తెస్తానని కారెక్కాడు. ఆ ఐసు ఇంకా రాలేదు. తొమ్మిది రోజులు నీ ఇంట్లో మేడ మీద పడుకుని గోడ చూశాను. గుటక గుటకగా నువ్వు పట్టిన గంజి తాగి బతికాను. విడాకుల కాగితాలు కూడా నీ వంటబల్ల మీదే రాశాను. అయినా మళ్ళీ చేసుకున్నానా లేదా? వాల్టర్ బయటికి వెళ్తే తప్పకుండా తిరిగొస్తాడు. అసలు వెళ్ళడు.

నువ్వు నాకు చేసినదానికి నేనేదీ తిరిగి చెయ్యలేదు. అందుకని ఇది చేస్తున్నాను. ఆ డాక్ ఎవరైనా సరే, ఎలాంటివాడైనా సరే, నాకు ఇష్టమే. అతనికి నా మాటగా చెప్పు: మా అక్కని ఏడిపిస్తే మాత్రం ఒమాహా నుంచి బస్సెక్కి వస్తాను.

ఏం వండావో రాయి.

నాడీన్


మోబీల్
జనవరి 6, 1994

నాడీన్,

క్రిస్మస్‌కి డాక్‌ని పిలవలేదు. హ్యామ్ వండాను. అతని అసలు పేరు రాయిస్ హెంబ్రీ.

నువ్వు కూర్చునే చదువుతున్నావనుకుంటాను. లేకపోతే కూర్చో.

మొదటిరోజే తెలుసు. గడ్డం పెరిగింది, జుట్టు పోయింది, నడుం కొంచెం వంగింది. నేను పోల్చుకోలేదు. కానీ ప్లేటు నా ముందు పెట్టి "నిమ్మచెక్క వెయ్యనా మిస్ వెర్నా?" అన్నాడు. నా పేరు నేను ఎవరికీ చెప్పలేదు. తలెత్తి చూస్తే నీ మొదటి మొగుడు.

లేచి వచ్చెయ్యాల్సింది. బయట వాన పడుతోంది, అది నిజం. ఆల్చిప్పలు బాగున్నాయి, అదీ నిజమే. "వెయ్యి" అన్నాను.

మూడు బుధవారాలు మేమిద్దరం నిమ్మచెక్కల గురించి తప్ప మాట్లాడుకోలేదు. నాలుగో వారం పెట్‌వే గారికి జలుబు చేసి రాలేదు. అప్పుడు చెప్పాడు. నీ పుట్టినరోజుకి మూడు వారాల ముందే ఓడలు కట్టే యార్డులో అతని ఉద్యోగం పోయిందట. నీకు చెప్పలేక రోజూ భోజనం డబ్బా పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని, ఐదింటికి ఇంటికొచ్చేవాడట. ఆ రోజు పార్టీకి ఫోర్‌మన్ భార్యని కూడా నువ్వు పిలిచావని మధ్యాహ్నం తెలిసిందట. "ఐసు దుకాణం దాకా వెళ్ళానండీ. కొన్నాను కూడా. కారు ఇంటివైపు తిరగలేదు" అన్నాడు. కారు తనంతట తాను తిరగదని చెప్పాను. "అవునండీ" అన్నాడు. రొయ్యల పడవలో పనికి చేరాడట.

ఇంతవరకూ నువ్వు అతన్ని తిట్టుకోవచ్చు. ఇక్కడి నుంచి రాసేది నా సంగతి.

అతను తిరిగొచ్చాడు, నాడీన్. తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి మా వరండా మెట్లెక్కాడు. గడ్డం గీసుకున్నాడు. ఎవరిదో చొక్కా వేసుకున్నాడు, చేతులు పొట్టివి. నువ్వు మేడ మీద పడుకుని ఉన్నావు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ పొద్దున ఒక గుడ్డు మొత్తం తిన్నావు. "నాడీన్‌తో మాట్లాడాలి" అన్నాడు. "నాడీన్ నీ మొహం చూడనంది. లాయరుతో మాట్లాడేసింది" అన్నాను. నువ్వు ఆ మాట అననే లేదు. అప్పటికి మనకు తెలిసిన లాయరే లేడు. అతను టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నువ్వు కిందికొచ్చి ఎవరొచ్చారని అడిగితే బైబిళ్ళు అమ్మే మనిషన్నాను.

నీ మేలు కోరి చేశానని రాయొచ్చు. నిజం ఏమిటంటే, లోపలికి రానిస్తే అరగంటలో నువ్వు లేచి అతనికి గుడ్లు వేయించి పెడతావని తెలుసు. అది నేను చూడలేను. అంతే.

ఇరవై అయిదేళ్ళ అయిదు నెలలు. ఎన్నోసార్లు చెబుదామనుకుని మీ ఊళ్ళో వాతావరణం అడిగాను.

ఇది చదివాక నువ్వు ఏం రాసినా చదువుతాను.

వెర్నా


ఒమాహా
జనవరి 15, 1994

వెర్నా,

ఉత్తరం అందింది. ఇక్కడ సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద ఉంది. వాల్టర్ కారు కదలడం లేదు.

నాడీన్


మోబీల్
ఫిబ్రవరి 9, 1994

నాడీన్,

'అక్కా' అని రాయకుండా 'వెర్నా' అని రాశావు. చూశాను.

కారు కదిలిందా?

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఐరీన్ దగ్గరికి వెళ్ళడం మానేశాను. నువ్వు మానమనలేదని తెలుసు. ఇంట్లోనే తింటున్నాను.

పోయిన గురువారం తలుపు కొట్టారని చూస్తే పెట్‌వే గారు. చేతిలో పూలగుత్తి. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశారు. రెండు వారాలు కనపడకపోయేసరికి నేను పోయాననుకున్నారట. ఐరీన్ నా స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదట. "డాక్ నిన్న చెయ్యి కోసుకున్నాడండీ. పదకొండేళ్ళలో మొదటిసారి" అన్నారు. పూలు మాత్రం ఇచ్చేసి వెళ్ళారు. వాటికి కట్టిన చీటీలో 'శాంతి కలుగుగాక' అని ఉంది. కలగలేదు.

అతనంటే నాకు ఇష్టమేనా అని నువ్వు అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. ఆ స్టూలు మీద కూర్చున్న రోజుల్లో, సాయంత్రం నాలుగెప్పుడవుతుందా అని గడియారం చూసేదాన్ని. డ్యూయీ పోయాక గడియారం చూడాల్సిన పని నాకు పడలేదు. నువ్వు వద్దంటే ఇక చూడను.

వెర్నా


ఒమాహా
ఫిబ్రవరి 20, 1994

వెర్నా,

మార్చి తొమ్మిది, బుధవారం, మధ్యాహ్నం రెండూ పదికి బస్సు దిగుతాను. స్టేషన్‌కి రా. నాలుగింటికి ఐరీన్ రెస్టారెంట్‌కి వెళ్తాం. నేను వస్తున్నట్టు అతనికి చెప్పొద్దు. నేనెవరో కూడా చెప్పొద్దు. మర్నాడు పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోతాను.

నా మోకాలు వంగదు. ఎత్తు స్టూలు అయితే ముందే ఎక్కి కూర్చోవాలి, అందుకని మూడూ యాభైకే బయల్దేరదాం.

వాల్టర్‌కి మొత్తం చెప్పాను. మూడో రోజు "ఐసు ఏమైందట?" అన్నాడు.

నాడీన్


ఒమాహా
మార్చి 17, 1994

అక్కా,

క్షేమంగా చేరాను. బస్సులో రెండు రోజులు ఆలోచించుకుని, ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించుకుని ఇది రాస్తున్నాను. నీ ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. నీ కుడి చెవి పక్కన అరవాల్సి వచ్చేది. ఇది అరిచే విషయం కాదు.

ముందుగా ఒకటి. నేనెవరో చెప్పొద్దన్నాను, నిజమే. నువ్వు నన్ను "ఈవిడ మిసెస్ జాన్సన్, స్వీడన్ నుంచి వచ్చింది" అని పరిచయం చేశావు. స్వీడన్ ఎందుకు? అబద్ధాలాడటంలో నీకున్న పేరుకి అది తగ్గట్టు లేదు. తర్వాత బాత్రూమ్‌కని లేచి వెళ్ళి ఇరవై రెండు నిమిషాలు రాలేదు. నీ కడుపు బాగానే ఉందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఏం జరిగిందో నువ్వు అడగలేదు. చెబుతున్నాను.

పెట్‌వే గారు అటువైపు ఎవరికో టగ్‌బోటు కథ చెబుతున్నారు. రాయిస్ నా ముందు నిలబడి చిప్పలు తెరుస్తున్నాడు. ఎడమ బొటనవేలికి ఇంకా కట్టు ఉంది.

"మిసెస్ జాన్సన్ గారికి ఇంకో అరడజను తెరవమంటారా?"

"తెరువు."

రెండు తెరిచాడు. మూడోది చేతిలోనే పట్టుకుని, "మోకాలు ఎలా ఉంది, నాడీన్?" అన్నాడు.

"మోకాలి సంగతి నీకెవరు చెప్పారు?"

"మిస్ వెర్నా వారం వారం చెబుతారు. బొమ్మ కూడా చూపించారు."

మనుషులకి చూపించమని ఆ బొమ్మ గీయలేదు నేను. అది తర్వాత మాట్లాడతాను.

"ముసలాడివయ్యావు" అన్నాను.

"అయ్యాను. నువ్వు బాగున్నావు."

"క్షమించమని అడగవా?"

"అడిగితే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. తింటున్నావు కదా, తిను."

తిన్నాను. నువ్వు రాసింది నిజమే, మొదట ఉప్పగా ఉండి తర్వాత తియ్యగా అవుతుంది. ముప్పై మూడేళ్ళ వయసులో అతన్ని చంపాలనుకున్నాను. నలభైలో కనపడితే తిట్టాలనుకున్నాను. ఇప్పుడు ఎదురుగా ఉంటే, కట్టు తడుస్తోంది, మార్చుకోవాలి కదా అనిపించింది. అంతకుమించి నాలో వెతికినా ఏమీ దొరకలేదు. దొరకనందుకు కొంచెం నిరాశగా కూడా ఉంది. అంత దూరం బస్సులో వచ్చాను కదా!

అప్పుడు అతను గొంతు తగ్గించి, "ఆ రోజు మేడ మీద కిటికీ తెర కదిలింది" అన్నాడు.

"గాలికి కదిలి ఉంటుంది."

"ఆగస్టులో, మోబీల్‌లో, గాలి ఎక్కడిది నాడీన్?"

చేతిలో చిప్ప ప్లేటులో పెట్టాను.

"ఇది వెర్నాకి చెప్పావా?" అన్నాను.

"లేదు. జనవరి దాకా ఆవిడకి ఇదేదో నా తప్పని చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడేమో 'కాదు, తప్పు నాదే' అంటారు. తెర సంగతి చెబితే ఆవిడకి ఊపిరాడేది. కానీ ఆ తెర నాది కాదు."

అక్కా, అర్థమైందనుకుంటాను. నేను నిద్రపోవడం లేదు. మెట్ల మీద అడుగు చప్పుడు వినగానే తెలిసింది. ఆ నడక నాకు తెలుసు. లేచి తెర పక్కకి తీసి చూశాను. పొట్టి చేతుల చొక్కా, గీసుకున్న గడ్డం, అన్నీ చూశాను. కిటికీ తెరిచే ఉంది. నువ్వు "నాడీన్ నీ మొహం చూడనంది" అనడం విన్నాను. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. నువ్వు అబద్ధం చెప్పాననుకున్నావు. నువ్వు చెప్పింది నిజం. నేను ఇంకా పైకి అనలేదు, అంతే.

అతను మెట్లు దిగి వెళ్ళేదాకా చూసి, పడుకుని, తొమ్మిది రోజుల్లో మొదటిసారి హాయిగా నిద్రపోయాను. తర్వాత కిందికొచ్చి ఎవరొచ్చారని అడిగాను. బైబిళ్ళ మనిషన్నావు. "కొన్నావా?" అని కూడా అడిగాను. గుర్తుందా?

ఇరవై అయిదేళ్ళు ఎందుకు చెప్పలేదంటావేమో. అతను నన్ను వదిలి వెళ్ళాడని అందరూ నా మీద జాలిపడ్డారు. తిరిగొస్తే నేనే వద్దన్నానని తెలిస్తే పడేవాళ్ళు కాదు. అతన్ని పంపించేసింది నువ్వు అన్నట్టు ఉంటే నాకు సుఖంగా ఉండేది. నా జీవితంలో ఒక్క పెద్ద విషయమైనా నేను తేల్చుకోకుండా తేలిపోయిందని అనుకోవచ్చు కదా. నువ్వు ఆ బరువు మోస్తున్నావని తెలియదు. తెలియదని రాస్తున్నాను గానీ, నువ్వు వాతావరణం అడిగినప్పుడల్లా కొద్దిగా తెలిసేది.

జనవరిలో నీ ఉత్తరం చూసి కోపం వచ్చింది నీ మీద అనుకున్నావు. నా మీద. నువ్వు ధైర్యం చేసి రాశావు, నేను కారు సంగతి రాశాను.

ఇక నీ స్టూలు సంగతి. దానిమీద ఎవరు కూర్చోవాలో చెప్పడానికి నేనెవర్ని?

నాడీన్


మోబీల్
మార్చి 29, 1994

నాడీన్,

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. చదివి మడిచి, పనిముట్ల సొరుగులో పెట్టి, తోటకి వెళ్ళి గులాబీ కొమ్మలు కత్తిరించాను. ఈ ఏడాది అవి పూయకపోవచ్చు.

నాకు కోపం వచ్చింది. ఎంతంటే, చర్చిలో పక్కావిడ నా మొహం చూసి బెంచీ మారింది. 1974లో అమ్మ కుట్టుమిషను నువ్వు అడగ్గానే ఎందుకు ఇచ్చేశాననుకున్నావు? నాకు బట్టలు కుట్టడం రాదనా? నాకే ఎక్కువ వచ్చు. అబద్ధం చెప్పినదాన్ని కదా అని ఇచ్చేశాను. నాన్న చెక్కిన బల్ల, వెండి చెంచాలు, అన్నీ అలాగే పోయాయి. చెంచాలు ఉంచుకో. కుట్టుమిషను పార్సిల్ చేయించు. వాల్టర్‌ని జాగ్రత్తగా కట్టమను, పాదం దగ్గర విరుగుతుంది.

బుధవారం నాలుగింటికి ఐరీన్ దగ్గరికి వెళ్ళాను. నా స్టూలు ఖాళీగా ఉంది. పెట్‌వే గారు అడక్కుండానే అటు జరిగారు. రాయిస్ నిమ్మచెక్క తీసుకున్నాడు. ప్లేటు పక్కకి నెట్టాను.

"నవంబర్ నుంచి నేను నా తప్పే, నా తప్పే అని ఏడుస్తుంటే, తెర కదిలిందని తెలిసీ చూస్తూ ఊరుకున్నావా?"

"మీరు ఏడవలేదండీ. తిన్నారు."

"లోపల ఏడిచాను."

"లోపలిది నాకెలా తెలుస్తుందండీ?" అని, నిమ్మచెక్క కింద పెట్టి, "తెలుసండీ" అన్నాడు.

కౌంటర్ చుట్టూ మాటలు ఆగిపోయాయి. పెట్‌వే గారు కూడా ఆగారు. చాలాకాలంగా ఆయనకి ఇలాంటి సాయంత్రం రాలేదట. నేను ప్లేటు మళ్ళీ ముందుకి లాక్కుని డజనూ తిన్నాను. పెచ్చు ఒక్కటీ నోట్లోకి రాలేదు.

లేచి కోటు వేసుకుంటుంటే రాయిస్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని కౌంటర్ ఇవతలికి వచ్చాడు. ఐరీన్ దగ్గర అతన్ని నడుం నుంచి కింద చూడటం అదే మొదటిసారి. బూట్లు బాగా తుడిచి ఉన్నాయి. తనకో చిన్న పడవ ఉందట. సోమవారం సెలవు కాబట్టి అఖాతంలోకి వెళ్ళి చేపలు పడతాడట. నేను వస్తానా అని అడిగాడు.

మొత్తం కౌంటర్ వింటోంది. నా కుడి చెవి కూడా వింది.

"తిరిగొస్తావా?" అన్నాను.

"మీరు కూడా పడవలోనే ఉంటారు కదా, మిస్ వెర్నా."

నిన్న వెళ్ళాం. గాలి ఎక్కువగా ఉంది, నా టోపీ పోయింది. అతను నాలుగు చేపలు పట్టాడు, నేను ఒకటి. నాది పెద్దది. సాయంత్రం అయిదున్నరకి ఇద్దరం ఒడ్డుకొచ్చాం.

నీ అక్క,
వెర్నా